నిడదవోలు జంక్షనూ, మా రెండు సర్వర్లూ

మొన్న సంక్రాంతికి పది రోజుల ముందు నా వల్ల ఒక చిన్నపాటి ప్రళయం జరిగింది. ఇప్పుడు చిన్నపాటిది అంటున్నాను గానీ ఆ రాత్రి నాకు చెమటలు పట్టేశాయి.

మా ఆఫీసులో (పేరొద్దు లెండి) జనం మందుల కోసం పెట్టే ఆర్డర్లు రాసుకునే డేటాబేసు ఒకటుంది. దానికి రెండు సర్వర్లు. ఒకటి అన్న, రెండోది తమ్ముడు అనుకోండి. రాతకోతలన్నీ అన్న దగ్గరే జరగాలి. తమ్ముడు పక్కన కూర్చుని అన్న రాసిందల్లా చూసి కాపీ కొట్టుకుంటూ ఉండాలి. అన్నకి ఏదన్నా అయితే అప్పుడు తమ్ముడు పెత్తనం తీసుకుంటాడు. మరి అన్నకి ఏదో అయిందని తమ్ముడికి తెలిసేదెలా? సెకనుకోసారి ఇద్దరూ "ఉన్నావా?", "ఆ, ఉన్నా" అని పలకరించుకుంటూ ఉంటారు. వరసగా పదిసార్లు పిలిచినా పలక్కపోతే అన్న పోయినట్టు లెక్క. ఆ పదిసార్ల లెక్క పెట్టిన మహానుభావుణ్ణి నేనే.

ఆ రాత్రి రెండున్నరకి ఇద్దరి మధ్యా ఉన్న స్విచ్చి మొరాయించింది. అన్న నిక్షేపంలా ఉన్నాడు. తమ్ముడూ నిక్షేపంలా ఉన్నాడు. ఒకరి మాట ఇంకొకరికి వినపడలేదు, అంతే. తమ్ముడు పదిసార్లు పిలిచి, పదకొండో సెకనులో పెత్తనం తీసేసుకున్నాడు. అన్న తన మానాన తను రాసుకుంటూనే ఉన్నాడు. నలభై నిమిషాల పాటు ఒకే నంబరుతో రెండేసి ఆర్డర్లు, ఒకే సరుకు ఇద్దరికి. దీన్ని మా వాళ్ళు స్ప్లిట్ బ్రెయిన్ అంటారు, ఒకే ఒంటికి రెండు తలకాయలు అన్నమాట. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి ఏది నిజమో తేల్చడానికి నలుగురం ఐదు రోజులు కూర్చున్నాం. కొన్ని తేలనే లేదు. ఒక పెద్దావిడ డబ్బు కట్టిన మందులు వేరే ఊరు వెళ్ళిపోయాయి. ఆవిడ తిడితే బాగుండేది. తిట్టలేదు. "మరి ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు బాబూ" అంది.

ఆ మొహంతోనే పండక్కి నిడదవోలు వెళ్ళాను. మా తాతయ్య (అమ్మ నాన్నగారు) అక్కడి రైల్వే స్టేషన్లో పాయింట్స్‌మేన్‌గా చేసి రిటైరయ్యాడు. ఇప్పుడు వినికిడి కాస్త తగ్గింది గానీ మాట తగ్గలేదు.

"ఏరా, మొహం అలా వేలాడేసుకున్నావేంటి?" అన్నాడు. సర్వర్లంటే అర్థం కాదని అన్నా తమ్ముడూ కథ చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"అయితే అవతలోడు పలక్కపోతే పోయినట్టేనా? ఎవడ్రా ఈ రూలు రాసింది?"

"నేనే తాతయ్యా."

"ఆయ్, బాగానే రాశావు. తీగ తెగితే తీగ తెగిందనుకోవాలి గానీ, అవతల చాగల్లు మాస్టారు పోయారనుకుని బండి వదిలేస్తామా ఏంటి?"

పండగ నాలుగు రోజులూ ఆ మాట నన్ను వదల్లేదు. తిరిగొచ్చాక రైల్వే రూళ్ళ పుస్తకమూ, వాటి వెనకున్న చరిత్రా చదవడం మొదలెట్టాను. చదివేకొద్దీ సిగ్గేసింది. మా కంప్యూటరు వాళ్ళం ఏదో కొత్తగా కనిపెట్టేశామనుకుని ఇంగ్లీషు పేర్లు తగిలించుకున్న తలనొప్పులన్నీ స్టేషను మాస్టర్లు నూట యాభై ఏళ్ళ కిందటే పడ్డారు. మాకు పోయేది డేటా. వాళ్ళకి పోయేది ప్రాణాలు. అందుకని వాళ్ళు మాకన్నా జాగ్రత్తగా ఆలోచించారు.

ముందు మా ఊరి సంగతి. నిడదవోలు మూడు దార్లు కలిసే జంక్షను. చెన్నై నుంచి హౌరా పోయే పెద్ద లైను మీద ఒక పక్క తాడేపల్లిగూడెం వైపు, ఇంకో పక్క చాగల్లు, కొవ్వూరు మీదుగా రాజమండ్రి వైపు. మూడోది తణుకు, అత్తిలి మీదుగా భీమవరం పోయే బ్రాంచి. విజయవాడ నుంచి కటక్ దాకా ఈస్ట్ కోస్ట్ స్టేట్ రైల్వే వారి లైను 1893-96 మధ్య ముక్కలు ముక్కలుగా మొదలైంది. అప్పటికి గోదావరి మీద రైలు వంతెన లేదు. ఇవతల కొవ్వూరు దాకా పట్టాలు, అవతల రాజమండ్రి నుంచి పట్టాలు, మధ్యలో నది. నెట్‌వర్కు రెండు ముక్కలై మధ్యలో గోదావరి పారుతున్నట్టు. హేవలాక్ వంతెన మీద రైళ్ళు తిరగడం మొదలైన 1900 ఆగస్టుతో ఆ రెండు ముక్కలూ ఒకటయ్యాయి.

ఇన్ని స్టేషన్లు ఒక్క మాట మీద నడవాలంటే ముందు గడియారాలు కలవాలి. మా సర్వర్లకైనా మొదటి పని అదే. టైము తేడా వస్తే ఏది ముందు రాశారో ఏది వెనక రాశారో తెలియక చస్తాం.

అప్పట్లో ఏ ఊరి టైము ఆ ఊరిదే. సూర్యుడు నడినెత్తికొస్తే పన్నెండు. భూమ్మీద ఒక డిగ్రీ తూర్పుకి జరిగితే నాలుగు నిమిషాలు తేడా. నిడదవోలు దాదాపు 81.67 డిగ్రీల దగ్గరుంది, మద్రాసు 80.25 దగ్గర. అంటే మద్రాసులో పన్నెండు కొట్టడానికి ఐదున్నర నిమిషాల పైచిలుకు ముందే మా ఊళ్ళో మధ్యాహ్నమైపోతుంది. ఊరి జనానికి దీంతో నష్టమేమీ లేదు. రైలుకి మాత్రం నష్టమే, ఎందుకంటే రైలు ఊళ్ళు దాటుతుంది. 1870 ప్రాంతం నుంచీ దేశంలో రైళ్ళన్నీ మద్రాసు టైము మీద నడిచాయి. బొంబాయి, కలకత్తా పెద్ద ఊళ్ళే అయినా రెండూ చెరో చివరా ఉన్నాయి. మద్రాసు టైము ఆ రెండిటికీ మధ్యస్తంగా ఉంది. పైగా అక్కడ ఈస్టిండియా కంపెనీ 1792 నుంచీ నడిపిన నక్షత్రశాల ఉంది. అక్కణ్ణించి తంతి ద్వారా టైము వచ్చేది. 1906 జనవరి 1 నుంచి ఇప్పటి భారత కాలమానం వచ్చింది. దాని రేఖ 82.5 డిగ్రీలు, మన కాకినాడకి దగ్గర్లోంచే పోతుంది. మద్రాసు టైముకి తొమ్మిది నిమిషాలు కలుపుకోవాల్సొచ్చింది. కొత్త టైముతో మా ఊరి సూర్యుడు గడియారం కన్నా మూడు నిమిషాలు పైగా వెనకబడ్డాడు. అది ఇప్పటికీ అలాగే ఉంది. (కలకత్తా 1948 దాకా, బొంబాయి 1955 దాకా తమ పాత టైముని వదల్లేదట. క్లస్టరులో మొండి నోడ్లు ఎప్పుడూ ఉంటాయి :))

నాకు బాగా నచ్చింది రైల్వే వారి జనరల్ రూల్సులో ఉన్న టైము ఏర్పాటు. రోజూ సాయంత్రం నాలుగింటికి, అంటే పదహారు గంటలకి, ముఖ్యమైన స్టేషన్లన్నిటికీ సరైన టైము అందాలి. బండి బయల్దేరే చోట గార్డు స్టేషను గడియారం చూసి తన వాచీ దిద్దుకోవాలి. తరవాత ఆ టైము డ్రైవరుకి చెప్పాలి, డ్రైవరు తన వాచీ దిద్దుకోవాలి. గమనించారా, డ్రైవరు స్టేషను గడియారం చూసి దిద్దుకోడు. గార్డుని చూసి దిద్దుకుంటాడు. స్టేషను గడియారం ఒకవేళ తప్పైనా ఒకే బండిలో ఉన్న ఇద్దరి టైమూ మాత్రం కలిసి ఉంటుంది. 1985లో డేవిడ్ మిల్స్ అనే ఆయన ఇంటర్నెట్టు కంప్యూటర్ల గడియారాలు కలపడానికి ఎన్టీపీ అని ఒక పద్ధతి తయారు చేశాడు. పైన ఒక నమ్మకమైన గడియారం, దాన్ని చూసి కొన్ని, వాటిని చూసి మరికొన్ని, ఇలా మెట్లు మెట్లుగా. ఈ మెట్లనే స్ట్రాటమ్ అంటారు. మద్రాసు నక్షత్రశాల ఒకటో మెట్టు, నిడదవోలు స్టేషను మాస్టరు గది రెండో మెట్టు, గార్డు వాచీ మూడు, డ్రైవరు వాచీ నాలుగు. ఈ వరస మనవాళ్ళకి ఎన్టీపీ కన్నా వందేళ్ళ ముందే అలవాటు.

గడియారాలు కలిసిపోతే ఇంక పనైపోయినట్టే అని తొలిరోజుల్లో రైల్వే వాళ్ళూ అనుకున్నారు. ఇక్కడే అసలు కథ. ముందు బండి వెళ్ళి పది నిమిషాలైతే, అది ఈపాటికి పై స్టేషను దగ్గరికి చేరే ఉంటుందని వెనకాల ఇంకోదాన్ని వదిలేసేవారు. "చేరే ఉంటుంది" అన్నమాట చూశారూ, అచ్చం నా పది సెకన్ల లెక్క! ఎవరూ చూడలేదు, ఎవరూ చెప్పలేదు, టైము గడిచింది కాబట్టి అలాగే అయి ఉంటుంది.

1889 జూన్ 12న ఐర్లండులో ఆర్మా దగ్గర ఆ లెక్క తప్పింది. ఆదివారం బడి పిల్లలూ పెద్దలూ విహారానికి బయల్దేరిన రైలు ఎత్తు ఎక్కలేక ఆగిపోయింది. సగం పెట్టెలు విప్పేసి ముందు సగాన్ని లాక్కెళ్దామనుకున్నారు. విప్పిన పెట్టెలు వెనక్కి జారాయి. వెనకాల, లెక్క ప్రకారం టైము ఇచ్చి వదిలిన రెండో బండి వస్తోంది. ఎనభై మంది దాకా పోయారు, అందులో చాలామంది పిల్లలు. ఆ ఏడాదే బ్రిటిషు పార్లమెంటు చట్టం చేసింది, ప్రయాణికుల లైన్లలో టైము లెక్క చెల్లదని. రెండు స్టేషన్ల మధ్య ఒక ముక్కలో ఒకే బండి ఉండాలి, అది ఖాళీ అయిందని అవతలి వాడు చెప్తేనే ఇంకోటి రావాలి.

సరే, అవతలి వాడు చెప్పాలి. ఎలా చెప్పాలి? తంతిలో చెప్తే చాలదా? దీనికి జవాబు అంతకు ముందే, 1874 సెప్టెంబరు 10 రాత్రి, ఇంగ్లండులో నార్విచ్ పక్కన థోర్ప్ దగ్గర దొరికింది. సింగిల్ లైను. ఇటు నుంచి ఎక్స్‌ప్రెస్ వెళ్ళాలి, అటు నుంచి మెయిలు రావాలి. ఎక్స్‌ప్రెస్ లేటు. అటు బండిని ముందు రమ్మందామా అని నార్విచ్‌లో ఇన్‌స్పెక్టరు, తంతి గుమాస్తా అనుకున్నారు. ఇన్‌స్పెక్టరు సంతకం పడకుండానే గుమాస్తా తంతి కొట్టేశాడు. ఇన్‌స్పెక్టరేమో అది ఇంకా వెళ్ళలేదనుకుని ఎక్స్‌ప్రెస్‌ని వదిలేశాడు. సంగతి తెలిసి ఆపమని మళ్ళీ తంతి కొడితే, మెయిలు బయల్దేరిపోయిందని జవాబొచ్చింది. ఆ రెండు బండ్లనీ ఆపే సాధనం ఇంక భూమ్మీద ఏదీ లేదు. రెండు చోట్లా మనుషులు అది తెలిసి కూడా కూర్చోవాల్సొచ్చింది. పాతిక మంది చనిపోయారు. మా రంగంలో రెండు పనులు ఒకదాన్నొకటి దాటేసుకుంటే రేస్ కండిషన్ అంటాం. ఆ మాట వినగానే ఇప్పుడు నాకు ఆ తంతి గుమాస్తా గుర్తొస్తున్నాడు.

దాని తరవాత ఎడ్వర్డ్ టయర్ అనే ఆయన 1878లో ఒక యంత్రం తయారు చేశాడు. మాట నమ్మొద్దు, వస్తువుని నమ్ము అన్నది దాని సారం. సింగిల్ లైనుకి రెండు చివర్లా రెండు పెట్టెలు, వాటి మధ్య కరెంటు తీగ. పెట్టెల్లో బిళ్ళలు. ఒక పెట్టెలోంచి ఒక బిళ్ళ బయటికి తీస్తే, అది మళ్ళీ ఏదో ఒక పెట్టెలో పడేదాకా రెండు పెట్టెలూ తాళం పడిపోతాయి. బిళ్ళ చేతిలో ఉన్న డ్రైవరే ఆ లైనులోకి రావాలి. మన దేశంలో బిళ్ళకి బదులు ఇనుప బంతి పెట్టిన నీల్ పెట్టెలు ఎక్కువ వాడారు. బంతిని ఒక తోలు సంచిలో పెట్టి, ఆ సంచిని పెద్ద రింగుకి కట్టి, నడిచే బండిలో ఉన్న డ్రైవరుకి అందించేవారు. భీమవరం బ్రాంచి సింగిల్ లైనుగా ఉన్న రోజుల్లో మా తాతయ్య పని అదే. "చెయ్యి చాపి నిలబడితే రింగు భుజం దాకా దూసుకొచ్చేసేది, బండి స్పీడుగా ఉంటే భుజం ఊడొచ్చేదనుకో" అని ఇప్పటికీ ఎడం భుజం తడుముకుంటాడు. ఐబీఎం వాడు 1985లో టోకెన్ రింగ్ అని నెట్‌వర్కు అమ్మాడు, ఒక టోకెను తిరుగుతూ ఉంటుంది, అది ఎవరి దగ్గరుంటే వాళ్ళే మాట్లాడాలి. కాలేజీలో ఇది చదివినప్పుడు మా ఇంట్లోనే ఒక టోకెన్ రింగు మనిషి ఉన్నాడని నాకు తట్టనే లేదు.

డబుల్ లైనులో బంతులుండవు. అక్కడ గంటలూ, ప్రైవేటు నంబర్లూ. ఇదీ చూడముచ్చటైన ఏర్పాటే. బండి పంపాల్సిన మాస్టరు అవతలి స్టేషనుకి రెండు గంటలు కొడతాడు. అంటే, లైను ఖాళీయేనా? అవతలి మాస్టరు అవే రెండు గంటలు తిరిగి కొట్టి, ఖాళీ అయితే పరికరాన్ని లైన్ క్లియర్ మీదికి తిప్పుతాడు. అలా తిప్పితే గానీ ఇవతల ఆఖరి సిగ్నలు పడదు. బండి లైనులోకి వెళ్ళగానే మూడు గంటలు. అవతలికి చేరాక నాలుగు గంటలు. ప్రమాదమైతే ఆరు. ఏ గంటకైనా తిరుగు గంట కొట్టాల్సిందే, లేకపోతే విన్నట్టు కాదు. టెలిఫోనులో చెప్పాల్సొస్తే ఒట్టి మాట చెల్లదు. ప్రతి మాస్టరు దగ్గరా వరసలో లేని అంకెల కాయితం ఒకటుంటుంది. అందులోంచి ఒక అంకె చెప్పి అది కొట్టేస్తాడు, ఇవతలి వాడు పుస్తకంలో రాసుకుంటాడు. రేపు ఎవరైనా "నేను చెప్పలేదు" అనడానికి లేదు. ఇప్పుడు ఓటీపీలని మనం మురిసిపోయేది ఇలాంటి వాటిని చూసే.

చేరడం అంటే కూడా ఇంజను రావడం కాదు. బండి చివర పెట్టెకి ఎల్‌వీ అని పలక ఉంటుంది, ఆఖరి పెట్టె అని గుర్తు. రాత్రిళ్ళు ఎర్ర దీపం. అది కళ్ళతో చూస్తేనే బండి మొత్తం వచ్చినట్టు. మధ్యలో లింకు తెగి నాలుగు పెట్టెలు లైన్లోనే ఉండిపోయాయేమో ఎవరికి తెలుసు, ఆర్మాలో జరిగింది అలాంటిదే కదా. ఫైలు పూర్తిగా వచ్చిందో లేదో చివర్లో ఒక లెక్క సరిచూసుకోవడం మాకూ ఉంది. అయితే మాలో చాలామంది అది చూడకుండానే నాలుగు గంటలు కొట్టేస్తాం.

ఇప్పుడు నేను వెతుక్కుంటున్న చోటుకొద్దాం. తీగలన్నీ తెగిపోతే?

ఒక తుఫాను రాత్రి అలాగే జరిగిందని తాతయ్య చెప్పాడు. స్తంభాలు పడిపోయాయి, టెలిఫోను లేదు, గంట లేదు, అవతలి స్టేషను నుంచి ఉలుకూ పలుకూ లేదు. ప్లాట్‌ఫాం మీద బండి, బండి నిండా జనం, జోరున వాన. ఒక పెళ్ళివారి గుంపు మాస్టారి గది తలుపు దగ్గర గోల. "ముహూర్తం తెల్లారగట్ల. లైను ఖాళీగానే ఉందిగా కళ్ళకి కనపడుతోందిగా, పంపించండి" అని వాళ్ళు. మాస్టారు తల ఎత్తకుండా కాయితం రాసుకుంటూ, "కనపడినంత మేర ఖాళీగా ఉందండీ, కనపడని చోటే నాకు తెలియట్లేదు" అన్నారట.

ఆయన రాస్తున్న కాయితమేంటో రూళ్ళ పుస్తకంలో ఉంది. మాట్లాడుకునే సాధనాలన్నీ పోయినప్పుడు డబుల్ లైనులో బండిని పంపొచ్చు. కానీ డ్రైవరుకి రాతపూర్వకంగా చెప్పాలి. ముందు దారి బాగా కనపడుతుంటే గంటకి 25 కిలోమీటర్లు, వంపులోనో వానలోనో కనపడకపోతే 10 కిలోమీటర్లు మించకూడదు. ఒక బండికీ ఇంకో బండికీ అరగంట ఎడం. సింగిల్ లైనైతే ఇదీ కుదరదు, ఎదురు నుంచి కూడా బండి రావొచ్చు కాబట్టి. ముందు ఒట్టి ఇంజనునో ట్రాలీనో మెల్లగా పంపి, అవతలి స్టేషనుతో మాట కలుపుకుని, అప్పుడు బండి. నాలాంటివాడు రాసిన రూళ్ళకీ దీనికీ తేడా ఇక్కడుంది. అవతలి వాడు పలక్కపోతే ఈ పుస్తకం "పోయాడు" అనుకోనివ్వదు, "ఉన్నాడు" అనీ అనుకోనివ్వదు. నీకు తెలియదు అని ఒప్పించి, తెలియనివాడు ఎలా నడవాలో అలా నడిపిస్తుంది.

ఆ పెళ్ళి ఏమైందని అడిగాను. "లేటుగా వెళ్ళారు. ఇంకో ముహూర్తం పెట్టుకునుంటారు" అన్నాడు తాతయ్య, అదొక విషయమే కాదన్నట్టు.

ఇదంతా పాతకాలపు ఇనుప సామాను కథ అనుకునేరు. అసలు సిసలు సర్వర్ల కథలో కూడా మా రైల్వే ఉంది. కంప్యూటర్లు రాకముందు రిజర్వేషను ఎలా ఉండేదో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. బండి బయల్దేరే స్టేషను దగ్గర ఆ బండి చార్టు పుస్తకం. మధ్య స్టేషన్లకి తలా రెండో నాలుగో బెర్తులు కోటా. ఆ కోటా దాటి కావాలన్నా, తిరుగు ప్రయాణానికైనా తంతి కొట్టి, జవాబు కోసం ఎదురు చూడాలి. కోటా అంటే అందరం విసుక్కుంటాం గానీ ఇంజనీరు కళ్ళతో చూస్తే తెలివైన పని. ఆ నాలుగు బెర్తులూ మధ్య స్టేషను వాడివే, ఇంకెవ్వరూ అమ్మరు కాబట్టి, అమ్మేముందు ఎవర్నీ అడగక్కర్లేదు. మాట్లాడుకోవాల్సిన పనే లేకపోతే మాట తప్పే ప్రమాదమూ లేదు. నష్టమల్లా, ఒక చోట బెర్తులు ఖాళీగా పోతుంటే ఇంకోచోట జనం నిలబడి ప్రయాణం చేస్తారు.

1985-86లో ఢిల్లీలో మొదలై బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు, ఇలా ఐదు కేంద్రాల్లో కంప్యూటర్లొచ్చాయి. కానీ ఎవరి లెక్క వారిదే. ఒకదానికొకటి కలిపే కాన్సర్ట్ అనే కొత్త సాఫ్టువేరుని క్రిస్ సంస్థ తయారు చేసి 1994లో మొదట పెట్టింది మన సికింద్రాబాదులోనే. 1999 ఏప్రిల్ నాటికి ఐదూ కలిశాయి. ఒక బండి లెక్క ఒక కేంద్రానికే సొంతం. ఏ కౌంటరు నుంచి అడిగినా ఆ అడగడం చివరికి ఆ కేంద్రానికే చేరుతుంది. అంటే ఒక్కో బండికీ ఒక్కడే అన్న, తమ్ముళ్ళు ఎంతమందైనా సరే.

ఆ యంత్రాలు డెక్ కంపెనీవి, వాటి మీద నడిచింది వీఎంఎస్. 1983-84 ప్రాంతంలో క్లస్టరు అన్న మాటకి వ్యాపార ప్రపంచంలో అర్థం చెప్పింది ఈ డెక్ వాళ్ళే. వాళ్ళ పద్ధతిలో ప్రతి యంత్రానికీ ఒక ఓటు. సగానికి పైగా ఓట్లు కనపడుతున్న గుంపే పని చెయ్యాలి. సగం కన్నా తక్కువ కనపడితే ఆ యంత్రం పాడవ్వకపోయినా సరే, చేస్తున్న పని చేస్తున్నట్టే ఆపి, మిగతా వాళ్ళు కనపడేదాకా నిలబడిపోతుంది. రెండే యంత్రాలుంటే ఒక డిస్కుకి మూడో ఓటు ఇవ్వాలి. ఇదంతా నేను పుట్టకముందే వాళ్ళ మాన్యువల్లో రాసి ఉంది. నేను రెండు యంత్రాలు పెట్టి, మూడో ఓటు ఖర్చు దండగ అనుకున్నాను. లెస్లీ లాంపోర్ట్ 1978లో రాసిన పేపరు కూడా కాలేజీలో పరీక్ష కోసం చదివాను, మార్కులు కూడా బాగానే వచ్చాయి.

రైల్వేని మరీ ఆకాశానికెత్తేస్తున్నానని మీకనిపించొచ్చు. 2023 జూన్ 2 సాయంత్రం ఒడిశాలో బహనగా బజార్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కి మెయిన్ లైను సిగ్నలు పచ్చగా ఉంది. పట్టా మాత్రం లూప్ లైనుకి తిరిగి ఉంది. లూపులో గూడ్సు నిలబడుంది. 290 మందికి పైగా చనిపోయారు. సిగ్నళ్ళ పనుల్లో తీగలు తప్పుగా కలపడమే కారణమని విచారణలో తేలింది. పట్టా ఎటు తిరిగిందో చెప్పాల్సిన తీగే అబద్ధం చెప్పింది. ఇదీ స్ప్లిట్ బ్రెయినే, కాకపోతే ఇక్కడ అవతలి వాడు పలికాడు, తప్పుగా పలికాడు. పలక్కపోతే ఏం చెయ్యాలో పుస్తకంలో ఉంది. నిబ్బరంగా అబద్ధం పలికితే డ్రైవరు ఏం చేస్తాడు? ఏమీ చెయ్యలేడు. ఆ బండి మర్నాడు పొద్దున్న మా నిడదవోలు మీదుగా ఆగకుండా పోవాల్సింది. తాతయ్య రెండు రోజులు టీవీ ముందు నుంచి లేవలేదని అమ్మమ్మ చెప్పింది.

ఇప్పుడు కవచ్ అని వస్తోంది. స్టేషన్లోనూ ఇంజన్లోనూ పెట్టెలు రేడియోలో మాట్లాడుకుంటాయి, డ్రైవరు ఆపకపోతే అవే బ్రేకు వేస్తాయి. దీని తొలి పరీక్షలు లింగంపల్లి, వికారాబాదు, వాడి వైపు దక్షిణ మధ్య రైల్వే లైన్లలోనే జరిగాయి. 2022 మార్చి 4న గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య రెండు ఇంజన్లని ఎదురెదురుగా తోలి, వాటంతటవే ఆగడం చూపించారు. భీమవరం బ్రాంచి కూడా ఈ మధ్య డబుల్ లైను అయిపోయింది, కరెంటు వచ్చింది. రింగు పట్టుకుని చెయ్యి చాపి నిలబడేవాడి పని అక్కడ ఇంక లేదు. దానికి తాతయ్యకి బాధేమీ లేదు. "భుజాలు బతికాయి" అన్నాడు.

నేను ఆఫీసుకొచ్చాక మూడో యంత్రం కావాలని అడిగాను. వచ్చే ఏడాది బడ్జెట్టులో చూద్దామన్నారు. అంతవరకూ ఏం చెయ్యాలా అని ఆలోచించి, రెండు సర్వర్లకీ మాట తెగితే రెండూ రాయడం ఆపేసి, మనిషి వచ్చి చూసేదాకా అలాగే నిలబడేటట్టు మార్చేశాను. ఉన్న ఆర్డర్లు చూసుకోవచ్చు, కొత్తవి మాత్రం తీసుకోవు. పోయిన నెలలో ఒక రాత్రి మళ్ళీ ఆ స్విచ్చే మొరాయించింది. రెండూ ఆగిపోయాయి. నేను నిద్ర లేచి, కళ్ళు నులుముకుని, అన్న ఉన్నాడో లేడో స్వయంగా చూసి మళ్ళీ నడిపేసరికి పందొమ్మిది నిమిషాలైంది. ఆ పందొమ్మిది నిమిషాలూ సైటు పని చెయ్యలేదని పొద్దున్న మీటింగులో ఒక పెద్దాయన నన్ను అందరి ముందూ గట్టిగానే అడిగాడు. ఆర్డర్లు ఎన్ని తారుమారయ్యాయని మాత్రం అడగలేదు. ఒక్కటీ అవ్వలేదు మరి.